విశాఖ ఓడరేవు ముంగిట లారీ రవాణా: కంచరపాలెం పరిసరాల్లో పరిశ్రమ స్థితిగతులు, భవితవ్యం

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల పరిశ్రమలు ఒకే నగరంలో కొలువుదీరిన విశాఖపట్నానికి సరకు రవాణా ఊపిరి వంటిది. ఓడలో వచ్చిన సరకైనా, కొలిమిలో తయారైన ఇనుమైనా చివరి గమ్యానికి చేరాలంటే ఏదో ఒక దశలో లారీ ఎక్కక తప్పదు. అయినప్పటికీ ఈ రంగాన్ని నడిపిస్తున్నవారిలో అత్యధికులు ఒకటి రెండు లారీలతో జీవనం సాగించే చిన్న యజమానులు, రోజు బత్తాపై ఆధారపడిన డ్రైవర్లు. నగరంలోని కంచరపాలెం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుని రహదారి సరకు రవాణా పరిశ్రమ ప్రస్తుత స్థితిని, దానిపై ప్రభావం చూపుతున్న చట్టాలను, పన్నులను, రానున్న మార్పులను పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

కంచరపాలెం: ఓడరేవుకు, జాతీయ రహదారికి నడుమ

కంచరపాలెం పేరులోని ‘కంచర’ అనే మాట లోహపు పనివారిని సూచిస్తుంది. నేడు ఈ ప్రాంతం విశాఖ మహానగరంలో జనసమ్మర్దం గల నివాస ప్రాంతం. దీనికి ఒక వైపున ఓడరేవు ముఖద్వారాలకు దారితీసే కాన్వెంట్ జంక్షను, జ్ఞానాపురం, మరొక వైపున మర్రిపాలెం, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, ఇంకొక వైపున తాటిచెట్లపాలెం ఉన్నాయి. పారిశ్రామిక వాడ, ప్రభుత్వ పాలిటెక్నిక్, పారిశ్రామిక శిక్షణ సంస్థ, ఉపాధి కల్పన కార్యాలయం ఈ పరిసరాల్లోనే ఉన్నందున కార్మిక కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి.

చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే జాతీయ రహదారి ఈ ప్రాంతాన్ని ఆనుకుని సాగుతుంది. పూర్వం 5వ నంబరుగా ప్రసిద్ధి చెందిన ఈ రహదారికి 2010లో దేశవ్యాప్తంగా జరిగిన నంబర్ల మార్పిడిలో 16వ నంబరు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగే ఈ మార్గం స్వర్ణ చతుర్భుజి పథకంలో భాగంగా నాలుగు వరుసలుగా విస్తరించబడింది. ఓడరేవు నుండి వెలువడే లారీ, ఉత్తరాంధ్ర నుండి వచ్చే లారీ, రాయలసీమ, కోస్తా జిల్లాల నుండి వచ్చే లారీ ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట కలుసుకోవడం దశాబ్దాలుగా జరుగుతూ వస్తున్నది. లారీ బతుకుతెరువు అయిన కుటుంబాలు, లారీ వల్ల ఇబ్బంది పడే కుటుంబాలు ఇక్కడ పక్కపక్కనే నివసిస్తున్నాయి. ఈ ప్రాంతాన్ని పరిశీలనకు ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

సరకు వచ్చే దారి, పోయే దారి

విశాఖపట్నం ఓడరేవు 1933లో నౌకాయానానికి తెరవబడింది. మధ్య పరగణాల నుండి మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడం నాటి ప్రధాన ఉద్దేశం. రాయపూర్-విజయనగరం రైలుమార్గం ఈ ఓడరేవుకు వెన్నుదన్నుగా నిలిచింది. 1960వ దశకంలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం ద్వారా బైలడిల్లా ఇనుప ఖనిజం, 1976లో బాహ్య నౌకాశ్రయం తోడు కావడంతో ఓడరేవు స్థాయి మారిపోయింది. 2003లో కంటైనర్ టెర్మినల్ పని ప్రారంభించింది. మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం, 2021 అమలుతో పోర్ట్ ట్రస్టు పోర్ట్ అథారిటీగా మారింది. ఈ ఓడరేవు 2023-24లో సుమారు 8.1 కోట్ల టన్నులు, 2024-25లో సుమారు 8.26 కోట్ల టన్నుల సరకును నిర్వహించింది. దక్షిణాన 2009లో ప్రారంభమైన గంగవరం ఓడరేవు దీనికి పొరుగుననే ఉన్నది.

ఈ సరకంతా లారీ ఎక్కదన్న విషయాన్ని గమనించవలసి ఉన్నది. ఇనుప ఖనిజం, బొగ్గు వంటి పెద్ద మొత్తాలు ప్రధానంగా రైలు వాగన్లలోను, కన్వేయర్ బెల్టులపైన కదులుతాయి. పెట్రోలు, డీజిల్‌లో గణనీయమైన భాగం విశాఖ-విజయవాడ-సికింద్రాబాద్ పైపులైను ద్వారా పోతుంది. మిగిలిన ఎరువులు, కంటైనర్లు, ఉక్కు చువ్వలు, తీగ చుట్టలు, ఆహార ధాన్యాలు, గ్యాసు, యంత్ర పరికరాలు, ఓడరేవు నుండి సమీప నిల్వ కేంద్రాలకు వెళ్ళే బొగ్గు లారీల వాటా. అనగా లారీకి దక్కేది రెండు రకాల పని. ఒకటి, పది ఇరవై కిలోమీటర్ల లోపు తిరిగే స్థానిక రవాణా. రెండు, విజయవాడ, హైదరాబాద్, రాయపూర్, కోల్‌కతా, చెన్నై దిశగా సాగే దూరప్రాంత రవాణా. ఈ రెండింటి లెక్కలు, కష్టనష్టాలు వేరు వేరు.

ఉక్కు కర్మాగారం విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1971లో శంకుస్థాపన జరిగి, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఈ కర్మాగారం సామర్థ్యం దశలవారీగా ఏటా 73 లక్షల టన్నులకు పెరిగింది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. తరువాతి కాలంలో నిర్వహణ మూలధనం, ముడిసరకుల కొరత కారణంగా ఉత్పత్తి మందగించి, 2024 సెప్టెంబరులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులలో ఒకటి మాత్రమే పనిచేసిన పరిస్థితి ఏర్పడింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. ఫర్నేసు ఆగినప్పుడు ఆ భారం కర్మాగారం గోడల లోపలే ఉండిపోదు. చువ్వలు మోసే ట్రైలరు యజమానికి లోడు దొరకదు, దాని డ్రైవరుకు బత్తా ఉండదు, టైరు దుకాణానికి బేరం తగ్గుతుంది. కాబట్టి ఉక్కు ఉత్పత్తి అంకెలను విశాఖ లారీ రంగపు ఆరోగ్య సూచికలుగా కూడా పరిగణించవచ్చును.

పరిశ్రమ నిర్మాణం

దేశంలో సరకు రవాణాలో రహదారుల వాటా సుమారు 71 శాతమని, రైల్వేల వాటా సుమారు 18 శాతమని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక పేర్కొన్నది. స్వాతంత్ర్యానంతర తొలి దశకాలలో సింహభాగం రైల్వేలదే. పెద్ద వాటా చేతికి వచ్చినప్పటికీ లారీ రంగం వ్యవస్థీకృతం కాలేదు. యజమానులలో అత్యధికులకు అయిదు లోపు లారీలే ఉన్నాయి. లారీని తానే కొని తానే నడిపే యజమాని-డ్రైవరు ఈ రంగానికి పునాదిరాయి.

ఇటువంటి యజమానికి సరకు పంపేవారితో నేరుగా పరిచయం ఉండదు. పెద్ద కంపెనీ నుండి రవాణా గుత్తేదారుకు, గుత్తేదారు నుండి బ్రోకరుకు, బ్రోకరు నుండి లారీ యజమానికి పని చేరుతుంది. ప్రతి మెట్టు వద్ద కిరాయిలో కొంత తగ్గుతుంది. పైగా కిరాయి సొమ్ములో కొంత భాగం ముందుగా చేతికి వచ్చినా, మిగిలినది సరకు అప్పగించిన రసీదు తిరిగి చేరిన తరువాతనే లభిస్తుంది. పెద్ద సంస్థల పనులలో ఈ నిరీక్షణ వారాలు దాటుతుంది. డీజిలుకు, టోలుకు మాత్రం అప్పటికప్పుడు చెల్లించవలసిందే.

తిరుగు లోడు ఈ వ్యాపారంలో గెలుపోటములను నిర్ణయిస్తుంది. విశాఖ నుండి ఎరువులు తీసుకుని వెళ్ళిన లారీకి తిరిగి వచ్చేటప్పుడు ధాన్యమో, సిమెంటో, మొక్కజొన్నో దొరికితే ప్రయాణం లాభసాటి అవుతుంది. లేకుంటే ఖాళీగా రావాలి, లేదా రెండు మూడు రోజులు వేచి ఉండాలి. దేశంలో లారీలు తిరిగే దూరంలో గణనీయమైన భాగం ఖాళీ ప్రయాణమేనని నీతి ఆయోగ్ నివేదిక కూడా గుర్తించింది. సెల్‌ఫోను ద్వారా లోడు వెతికి పెట్టే సంస్థలు గత దశాబ్దంలో ప్రవేశించినప్పటికీ, ముఖపరిచయం, మాట నమ్మకం మీద నడిచే బ్రోకరు వ్యవస్థ కనుమరుగు కాలేదు.

ఖర్చుల పద్దు

లారీ యజమాని ఖర్చులను రెండు విధాలుగా విభజించవచ్చును. లారీ తిరిగినా తిరగకున్నా చెల్లించవలసినవి మొదటి రకం: ఫైనాన్స్ వాయిదాలు, బీమా, మూడు నెలలకొకసారి మోటారు వాహన పన్ను, జాతీయ పర్మిట్ రుసుము. తిరిగితేనే అయ్యేవి రెండవ రకం: డీజిలు, టైర్లు, టోలు, డ్రైవరు, క్లీనరు బత్తా, కాటా, ఎగుమతి దిగుమతి కూలీ, మరమ్మతులు. లోడ్లు తగ్గిన నెలలో రెండవ రకం తగ్గుతుంది గాని మొదటి రకం తగ్గదు. వాయిదా తప్పిన లారీని ఫైనాన్స్ సంస్థ స్వాధీనం చేసుకోవడం ఈ రంగంలో తరచు ఎదురయ్యే విషాదం.

రెండవ రకంలో పెద్ద పద్దు డీజిలు. డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగిపోయింది. 2017 జూన్ 16 నుండి రోజువారీ ధరల సవరణ అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిలుపై 22.25 శాతం వ్యాట్, దానికి అదనంగా లీటరుకు 4 రూపాయలు, రహదారి అభివృద్ధి సెస్సు 1 రూపాయి 2025 నాటికి అమలులో ఉన్నాయి. ఉదాహరణకు విశాఖ-విజయవాడ రానుపోను ప్రయాణం సుమారు 700 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు వచ్చే లారీకి 175 లీటర్లు అవసరం. అప్పుడు శాతంతో నిమిత్తం లేకుండా లీటరుకు విధించే 5 రూపాయల భాగమే ఒక ప్రయాణానికి 875 రూపాయలు అవుతుంది. పన్ను తక్కువగా ఉన్న పొరుగు రాష్ట్రంలో డీజిలు నింపుకుని రావడానికి దూరప్రాంత లారీలు మొగ్గు చూపడానికి, ఆ అవకాశం లేని స్థానిక లారీలు వెనుకబడటానికి కారణం ఇందులో కనిపిస్తుంది.

కిరాయి ఒప్పందం కుదిరిన తరువాత డీజిలు ధర పెరిగితే ఆ భారాన్ని సాధారణంగా లారీ యజమానే భరిస్తున్నాడు. పెద్ద గుత్తేదారుల ఒప్పందాలలో డీజిలు ధరను అనుసరించి కిరాయి సవరించే నిబంధన ఉంటుంది. ఆ నిబంధన ఫలం కింది మెట్టున ఉన్న చిన్న యజమాని వరకు చేరాలన్నది లారీ యజమానుల సంఘాల చిరకాల విజ్ఞప్తి.

పర్మిట్లు, వాహన వయస్సు

మోటారు వాహనాల చట్టం, 1988 ఈ రంగానికి మూలచట్టం. ఇది 1989 జూలై 1 నుండి అమలులో ఉన్నది. దేశమంతటా తిరిగేందుకు వీలు కల్పించే జాతీయ పర్మిట్ విధానం 2010 మే నెలలో సరళీకరించబడింది. అంతకు ముందు ఏయే రాష్ట్రాలలో తిరగదలచుకుంటే ఆయా రాష్ట్రాలకు విడివిడిగా మిశ్రమ రుసుము చెల్లించవలసి ఉండేది. నూతన విధానంలో ఏడాదికి 15,000 రూపాయల ఏకీకృత రుసుము నిర్ణయించబడింది. అది తరువాత 16,500 రూపాయలకు పెరిగింది.

జాతీయ పర్మిట్‌కు వాహన వయోపరిమితి కలదు. సాధారణ లారీకి 12 సంవత్సరాలు, బహుళ ఇరుసుల లారీకి 15 సంవత్సరాలు దాటితే ఈ పర్మిట్ లభించదు. ఫలితంగా వయస్సు మీరిన లారీలు దూరప్రాంత మార్గాల నుండి వైదొలగి రాష్ట్ర పర్మిట్‌తో స్థానిక రవాణాకు మళ్ళుతాయి. ఓడరేవు నగరాలలో తక్కువ దూరపు పనులకు పాత లారీలు ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం. పాత వాహనాలపై విధించే హరిత పన్నును రాష్ట్ర ప్రభుత్వం 2025లో తగ్గించగా, అదే సంవత్సరం నవంబరులో కేంద్ర నియమాల సవరణ వల్ల పాత వాహనాల సామర్థ్య పరీక్ష రుసుములు భారీగా పెరిగాయి. ఒక చేతితో లభించిన ఊరట మరొక చేతితో తగ్గిపోయిందన్నది పాత లారీల యజమానుల ఆవేదన. రహదారి భద్రత, కాలుష్య నివారణ దృష్ట్యా పాత వాహనాలను తగ్గించడం అవసరమన్నది ప్రభుత్వాల అభిప్రాయం. 2021 ఆగస్టులో ప్రారంభమైన వాహన తుక్కు విధానం ఈ రెండింటి నడుమ మార్గంగా ఉద్దేశించబడింది. పాత లారీని తుక్కుగా ఇచ్చిన యజమాని కొత్త లారీకి కావలసిన మొదటి చెల్లింపును ఎక్కడి నుండి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు మాత్రం ఆ విధానంలో పూర్తి సమాధానం లేదు.

2014 జూన్ 2న రాష్ట్ర పునర్విభజన జరిగిన తరువాత మరొక చిక్కు వచ్చిపడింది. అంతవరకు ఒకే రాష్ట్రంగా ఉన్న ప్రాంతంలో తిరిగిన లారీలకు హైదరాబాద్ ప్రయాణం అంతర్రాష్ట్ర ప్రయాణమైంది. 2015 ఏప్రిల్ 1 నుండి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ వాహనాల నుండి ప్రవేశ పన్ను వసూలును ప్రారంభించింది. జాతీయ పర్మిట్ గల లారీలకు ఇబ్బంది లేకున్నా, రాష్ట్ర పర్మిట్‌తో తిరిగే లారీలు ఈ మార్పు వల్ల నష్టపోయాయి.

అధిక లోడు సమస్య

పరిమితికి మించిన లోడు రహదారిని దెబ్బతీస్తుంది, బ్రేకుల పట్టును తగ్గిస్తుంది, ప్రమాద తీవ్రతను పెంచుతుంది. అధిక లోడును అనుమతించరాదని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీ 25 నుండి 28.5 టన్నులకు పెరిగాయి. 2019 సెప్టెంబరు 1 నుండి అమలైన చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా విధించవచ్చును. అనగా 5 టన్నుల అధిక లోడుతో పట్టుబడిన లారీకి 30,000 రూపాయల జరిమానా, అదనపు సరకును దింపించే ఖర్చు పడతాయి. ఇది అనేక ప్రయాణాల లాభాన్ని మింగివేయగల మొత్తం.

పరిమితి పెంపు వల్ల మేలుతో పాటు కీడు కూడా కలిగింది. అంతే సరకును తక్కువ లారీలతో తరలించే వీలు కలగడంతో లారీల లభ్యత అవసరాన్ని మించి, టన్ను కిరాయి పడిపోయింది. ఆ లోటును పూడ్చుకునేందుకు తిరిగి అధిక లోడుకే తలొగ్గే యజమానులు ఉన్నారు. లోడు ఎత్తించేది సరకు పంపేవారు, జరిమానా చెల్లించేది లారీవారు అన్న విమర్శ ఇందువల్లనే వినవస్తున్నది. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చి 2011 మార్చి 1 నుండి అమలైన రోడ్డు రవాణా చట్టం, 2007 ప్రకారం సాధారణ రవాణా సంస్థలు నమోదు చేసుకోవడం తప్పనిసరి. లోడింగ్ స్థలం వద్దనే కాటా ధ్రువీకరణను కచ్చితంగా అమలు చేస్తే సమస్య మూలం వద్దనే పరిష్కారమవుతుంది. ఓడరేవు, కర్మాగారం వంటి నిర్ణీత ద్వారాలు గల విశాఖలో ఇది ఇతర చోట్ల కంటే సులభసాధ్యం.

పన్నులు, తనిఖీ కేంద్రాలు

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో రాష్ట్ర సరిహద్దులలోని అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు తొలగిపోయాయి. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం వద్ద గంటల తరబడి బారులు తీరే దశ అంతటితో ముగిసింది. 2018 ఏప్రిల్ 1 నుండి అంతర్రాష్ట్ర రవాణాకు, ఏప్రిల్ 15 నుండి ఆంధ్రప్రదేశ్ అంతర్గత రవాణాకు ఇ-వే బిల్లు తప్పనిసరి అయింది. 2021 జనవరి 1 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లు గడువు లెక్కించబడుతున్నది. ఈ లెక్కన 350 కిలోమీటర్ల విజయవాడ ప్రయాణానికి రెండు రోజుల గడువు లభిస్తుంది. ఘాట్ రోడ్డులో లారీ మరమ్మతుకు గురైతే గడువు పొడిగించుకోవడం మరువరాదు. గడువు మీరిన బిల్లుతో పట్టుబడితే సరకుతో పాటు లారీ కూడా నిలిచిపోతుంది.

2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారి టోల్ కేంద్రాలలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 2025 సెప్టెంబరు 22 నుండి లారీలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. టైర్లపైనా పన్ను అదే విధంగా తగ్గింది. కొత్త లారీ కొనదలచిన చిన్న యజమానికి ఇది ఇటీవలి కాలంలో లభించిన ముఖ్యమైన ఊరట.

డ్రైవరు స్థితి

డ్రైవర్ల కొరత నేడు ఈ పరిశ్రమ ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య. క్లీనరుగా చేరి, పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని పని నేర్చుకునే పాత పద్ధతి అంతరించిపోతున్నది. ఇరవై ఏళ్ళ యువకుడు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే లారీ కంటే నగరంలోనే తిరిగే ఆటో, కారు, సరుకుల చేరవేత పనులను ఎంచుకుంటున్నాడు. 2019లో రవాణా వాహన లైసెన్సుకు ఎనిమిదవ తరగతి అర్హత నిబంధనను కేంద్రం తొలగించినా కొరత తీరలేదు. చదువు కంటే జీతం, విశ్రాంతి, గౌరవం ముఖ్యమైన అంశాలుగా ముందుకు వచ్చాయి.

మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనివేళలను నిర్ణయించింది. అయితే అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులు గల సంస్థలకే అది వర్తించింది. ఒకటి రెండు లారీల యజమాని వద్ద పనిచేసే డ్రైవరు ఆచరణలో దాని పరిధికి వెలుపలే ఉండిపోయాడు. ఆ చట్టాన్ని తనలో విలీనం చేసుకున్న వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్, 2020 ఇతర కార్మిక కోడ్‌లతో పాటు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పోలిక కోసం చెప్పుకుంటే, ఐరోపా సమాఖ్యలో డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన తరువాత 45 నిమిషాలు విశ్రమించాలి. రోజు మొత్తంలో సాధారణంగా 9 గంటలకు మించి నడపరాదు. లారీలో అమర్చిన పరికరం దీనిని నమోదు చేస్తుంది. మన రహదారులపై అటువంటి నమోదు సార్వత్రికం కాలేదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించిన నేపథ్యంలో డ్రైవరు నిద్రను రహదారి భద్రతాంశంగా చూడవలసి ఉన్నది.

భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షను, ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళ వరకు జైలుశిక్షను ప్రతిపాదించింది. దీనికి నిరసనగా 2024 జనవరి తొలి రోజులలో దేశవ్యాప్తంగా డ్రైవర్లు విధులు బహిష్కరించగా, రవాణా సంఘాలతో చర్చించిన మీదటనే ఆ సెక్షనును అమలు చేస్తామని కేంద్రం ప్రకటించింది. 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ సెక్షను మినహాయించబడింది. ప్రమాద స్థలంలో ఆగితే జనం దాడి చేస్తారన్న డ్రైవర్ల భయం, ఆగకపోతే క్షతగాత్రుడి ప్రాణం పోతుందన్న సమాజపు ఆందోళన, రెండూ వాస్తవాలే. క్షతగాత్రులకు తొలి ఏడు రోజులలో 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసింది.

2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు వాహనాల క్యాబిన్లలో శీతలీకరణ సదుపాయం తప్పనిసరి చేయబడింది. విశాఖ ఉక్కపోతలో, ఇంజను వేడి పక్కన గంటల తరబడి కూర్చునే డ్రైవరుకు ఇది విలాసం కాదు, అవసరం.

నగరం, లారీ: సహజీవనం

కంచరపాలెం వంటి ప్రాంతాల నివాసుల ఫిర్యాదులు కొత్తవి కావు. బొగ్గు ధూళి, హారన్ల మోత, రోడ్డు పక్కన నిలిపిన లారీల వల్ల ఇరుకు, పాఠశాల వేళల్లో ప్రమాద భయం వాటిలో ముఖ్యమైనవి. నగర పరిమితులలో భారీ వాహనాల వేళలపై ఆంక్షలు విధించినప్పుడు నివాసులకు ఊరట లభిస్తుంది. అదే సమయంలో లారీ గంటల తరబడి నగర పొలిమేరలో నిలిచిపోయి ఒక రోజు లోడు కోల్పోతుంది. నీడ, నీరు, మరుగుదొడ్డి గల నిలుపుదల స్థలం లేనప్పుడు డ్రైవరు రోడ్డు పక్కనే లారీ ఆపుతాడు. కాబట్టి పార్కింగ్ స్థలాల కల్పనే రెండు పక్షాల సమస్యకు ఉమ్మడి పరిష్కారం.

ఈ దిశగా కొన్ని పనులు పూర్తయ్యాయి. ఓడరేవును షీలానగర్ వద్ద జాతీయ రహదారితో కలిపే అనుసంధాన రహదారి చాలా లారీలను నగర వీధుల నుండి మళ్ళించింది. ఆనందపురం-పెందుర్తి-అనకాపల్లి మధ్య సుమారు 51 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి అందుబాటులోకి రావడంతో కోల్‌కతా-చెన్నై దిశల దూరప్రాంత లారీలు నగరంలోకి రాకుండానే సాగిపోగలుగుతున్నాయి. ఎన్.ఏ.డి. కూడలి వద్ద ఫ్లైఓవరు 2020లో రాకపోకలకు తెరవబడింది. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి విశాఖలో కాన్వెంట్ జంక్షను నుండి షీలానగర్ వరకు ప్రత్యేక ఓడరేవు రహదారికి, రాయపూర్-విశాఖపట్నం ఆర్థిక కారిడార్‌లోని ఆంధ్రప్రదేశ్ భాగానికి శంకుస్థాపన చేశారు.

భవితవ్యం

రాయపూర్-విశాఖ ఆరు వరుసల రహదారి పొడవు సుమారు 465 కిలోమీటర్లు. సాలూరు, కోరాపుట్ ఘాట్ల మీదుగా సాగే పాత దారితో పోల్చితే సుమారు 130 కిలోమీటర్ల దూరం తగ్గుతుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల సరకు ఓడరేవుకు త్వరగా చేరుతుంది, లారీ నెలకు ఎక్కువ ప్రయాణాలు చేయగలుగుతుంది. అయితే ఎక్కువ ప్రయాణాలు అంటే తక్కువ లారీలు చాలునన్న అర్థం కూడా ఉన్నది. సరకు అదే నిష్పత్తిలో పెరిగితేనే చిన్న యజమానికి లాభం.

సరకు పెరగడానికి ఆధారాలు కలవు. 2025 జనవరి 8న నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి, విశాఖలో దక్షిణ కోస్తా రైల్వే ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపనలు జరిగాయి. మరొక వైపున, 2022 సెప్టెంబరు 17న ప్రకటించిన జాతీయ లాజిస్టిక్స్ విధానం సరకును రైలుకు, జలమార్గాలకు మళ్ళించడాన్ని ప్రోత్సహిస్తున్నది. తూర్పు తీర ప్రత్యేక రవాణా రైలు కారిడార్ ప్రతిపాదన కూడా ఉన్నది. దీనివల్ల దూరప్రాంత లోడ్లు కొంత తగ్గినా, రైలు నిలయం నుండి గిడ్డంగికి, కర్మాగారానికి చేర్చే తొలి, తుది అంచె రవాణా పెరుగుతుంది. ఓడరేవు లారీల భవిష్యత్తు తక్కువ దూరపు పనుల వైపు మొగ్గే సూచనలు ఉన్నాయి.

తక్కువ దూరపు, నిర్ణీత మార్గపు పనులకు విద్యుత్ లారీలు అనువైనవి. 2025 జూలైలో కేంద్రం పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం కింద విద్యుత్ లారీలకు వాహనానికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకాన్ని ప్రకటించింది. ఓడరేవులు, ఉక్కు, సిమెంటు రంగాలు ఇందులో ప్రధాన లబ్ధిదారులుగా పేర్కొనబడ్డాయి. పాత డీజిలు లారీని తుక్కుగా మార్చడం ఇందుకు షరతు. కాన్వెంట్ జంక్షను పరిసరాల ధూళి, పొగ తగ్గేందుకు ఇది మంచి మార్గం. అయితే విద్యుత్ లారీ ధర డీజిలు లారీ కంటే ఎంతో ఎక్కువ. రుణ సదుపాయం పెద్ద కంపెనీలకే పరిమితమైతే, నేడు పాత లారీతో ఓడరేవు పని చేస్తున్న యజమాని రేపు వేరొకరి లారీకి డ్రైవరుగా మిగిలిపోయే అవకాశం ఉన్నది. సహకార సంఘాలు, యజమానుల సంఘాల పేరిట సామూహిక కొనుగోలుకు బ్యాంకు రుణాలు లభించేలా చూడటం ఈ దృష్ట్యా ఆలోచించదగినది.

మొత్తం మీద విశాఖలో సరకుకు కొరత లేదు, రహదారులు మెరుగుపడుతున్నాయి, తనిఖీ జాప్యాలు తగ్గాయి. మిగిలినవి మూడు: కిరాయిలో చిన్న యజమానికి న్యాయమైన వాటా, డ్రైవరుకు విశ్రాంతి, నగరవాసికి ప్రశాంతత. ఈ మూడూ పరస్పర విరుద్ధమైనవి కావు. లోడింగ్ వద్దనే కాటా, నగర పొలిమేరలో వసతులు గల లారీ నిలయం, గడువులోగా కిరాయి చెల్లింపు, ఈ చర్యలు మూడింటికీ తోడ్పడతాయి.

ముఖ్య తేదీలు

1933: విశాఖపట్నం ఓడరేవు ప్రారంభం.
1961: మోటారు రవాణా కార్మికుల చట్టం.
1976: బాహ్య నౌకాశ్రయం ప్రారంభం.
1989 జూలై 1: మోటారు వాహనాల చట్టం, 1988 అమలు.
1992 ఆగస్టు 1: ఉక్కు కర్మాగారం జాతికి అంకితం.
2010 మే: నూతన జాతీయ పర్మిట్ విధానం.
2011 మార్చి 1: రోడ్డు రవాణా చట్టం, 2007 అమలు.
2017 జూలై 1: వస్తు సేవల పన్ను అమలు.
2018 ఏప్రిల్ 15: ఆంధ్రప్రదేశ్ అంతర్గత రవాణాకు ఇ-వే బిల్లు.
2018 జూలై: ఇరుసు బరువు పరిమితుల పెంపు.
2019 సెప్టెంబరు 1: అధిక లోడుకు పెంచిన జరిమానాల అమలు.
2020 ఏప్రిల్ 1: బి.ఎస్.-6 ఉద్గార ప్రమాణాల అమలు.
2022 నవంబరు 12: ప్రత్యేక ఓడరేవు రహదారికి, రాయపూర్-విశాఖ కారిడార్‌కు శంకుస్థాపన.
2025 జనవరి: ఉక్కు కర్మాగారానికి పునరుద్ధరణ ప్యాకేజీ.
2025 సెప్టెంబరు 22: లారీలపై జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింపు.
2025 నవంబరు 21: కార్మిక కోడ్‌ల అమలు.